విప్పి కట్టిన కమాను

మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు పోయే బండ్ల బాటకు అడ్డంగా ఒక వాగు ఉండేది. ఎండాకాలం అందులో ఇసుక తప్ప ఏమీ కనిపించేది కాదు. వానలు పడితే మాత్రం రెండు మూడు రోజులు బండ్లు ఆ ఒడ్డున ఆగిపోయేవి. పందొమ్మిది వందల నలభై ఆరులో దాని మీద వంతెన మంజూరైంది. యుద్ధం ముగిసినా సిమెంటు ఇంకా కంట్రోలులోనే ఉంది కాబట్టి రాయి, గానుగ సున్నంతో పాత పద్ధతిలో ఒంటి కమాను వంతెన కట్టాలని తేల్చారు. గుత్తేదారు పట్నంలో ఉండేవాడు. అతని తరఫున యాదగిరి అనే గుమాస్తా గొడుగు వేసుకుని పని దగ్గర తిరిగేవాడు. పని నడిపేది మేడ్చల్ జలాల్ మేస్త్రీ.

జలాల్‌కు అరవై దాటాయి. చుట్టుపక్కల ఊళ్లలో ఆయన కట్టిన దర్వాజాలు, బావి ఒడ్లు, చిన్న మసీదులు ఉన్నాయి. నాలుగేళ్లుగా కళ్లకు పొరలు కమ్ముతున్నాయి. రాయిని చూసి చెప్పేవాడు ఇప్పుడు తడిమి చెప్తున్నాడు. పునాది పూర్తయి ఒడ్డు గోడలు లేచిన రోజు ఆయన సిద్దయ్యను పిలిచాడు.

"సిద్దయ్యా, గీ కమాను నువ్వే కట్టు. నేను ఒడ్డు మీద కూసుంట."

సిద్దయ్య చేతిలోని ఉలి కింద పెట్టాడు. "నేనా ఉస్తాద్?"

"ఇంకెవలు? ఇరవై రెండేండ్ల సంది నా ఎంట తిరుగుతున్నవ్. ఇగ ఎప్పుడు కడతవ్, నేను సచ్చినంకనా?"

సిద్దయ్య రావల్కోల్ గుట్ట కింద, వడ్డెర గుడిసెల్లో పుట్టాడు. వాళ్లది రాయి పగలగొట్టే కులం. గుట్ట నుంచి రాయిని విడదీసి బండికెత్తేవరకే వాళ్ల పని. ఆ రాయి ఏ గోడలోకి పోయిందో, ఏ గడప అయిందో వాళ్లకు అక్కర్లేదని అందరూ అనుకునేవారు. సిద్దయ్యకు అక్కరుండేది. పదహారేళ్లప్పుడు రాళ్ల బండితో జలాల్ దగ్గరికి వచ్చి, బండి తిరిగి పోయినా తను పోలేదు. ఆరేళ్లు రాళ్లు మోశాడు. తర్వాత ఉలి పట్టి రాతి ముఖం సాపు చేయడం నేర్చుకున్నాడు. ఆపైన పునాది వరసలు, ఆపైన గోడ మూలలు. మూల నిలబెట్టడానికి జలాల్ ఒప్పుకునేసరికే సిద్దయ్యకు ముప్పై నిండాయి. ఒక్కటే మిగిలింది. ఆ పనివాళ్లలో నడిమి రాయి దించి కమాను మూసినవాణ్నే మేస్త్రీ అంటారు. వడ్డెర కులంలో ఒకడు కమాను మూయడం ఆ చుట్టుపక్కల ఎవరూ చూడలేదు.

ఇంకొక సంగతి కూడా ఉంది. పని చూడడానికి వచ్చే ఇంజనీరు, పట్నంలో పెద్ద రాతి కట్టడం ఒకటి మొదలవుతోందనీ, మేస్త్రీలు కావాలనీ చెప్పాడు. ఈ కమాను నిలబడితే సిద్దయ్య పేరు రాసి పంపుతానన్నాడు. ఆ మాట విన్నరోజు సిద్దయ్య భార్య వజ్రమ్మ తట్టెడు రాళ్లు నెత్తిన పెట్టుకుని కూడా నవ్వుతూనే నడిచింది. ఆమె తండ్రి గుట్టలో బండ కింద పడి పోయాడు. తన మొగుడు గుట్ట కింద నుంచి బయటపడాలని పెళ్లయిన నాటినుంచీ ఆమె పోరు.

వాగు నడుమ దుంగలు పాతి, వాటి మీద కమాను వంపుకు సరిగ్గా చెక్కలు పరిచారు. దుంగలకూ చెక్కలకూ నడుమ, ఒకవైపు మందంగా ఒకవైపు పలచగా ఉండే చెక్క చీలలు జతలు జతలుగా బిగించారు. రాళ్లన్నీ ఆ చెక్కల మీద పేర్చి, నడిమి రాయి దించి కమాను మూశాక, చీలలు వదులు చేస్తే చెక్కలు కిందికి దిగుతాయి. అప్పుడు కమాను తన బరువు తనే మోసుకోవాలి. మోయగలిగితే వంద వానలకు జంకదు. లేకపోతే ఆ క్షణంలోనే తెలిసిపోతుంది.

సిద్దయ్య రెండు ఒడ్ల నుంచీ సమానంగా రాళ్లు పేర్చుకుంటూ వచ్చాడు. రోహిణి ఎండలో తలగుడ్డ తడుపుకుంటూ, ప్రతి రాయికీ నూలుదారం పట్టి వరస చూసుకుంటూ, నెల పైన మూడు రోజులకు నడిమి రాయి దించాడు. సున్నం గట్టిపడడానికి పన్నెండు రోజులు గడువు పెట్టుకున్నారు. పన్నెండో రోజు గురువారం. ఆ రోజు ఇంజనీరు ముందర చీలలు విప్పాలి.

మంగళవారం పగటిపూట చిన్న వాన కురిసింది. పావుగంటలో ఆగిపోయి మళ్లీ ఎండ కాసింది. సిద్దయ్య వాగులోకి దిగి కమాను చుట్టూ తిరిగి చూశాడు. రాళ్లు గబగబా ఆరిపోతున్నాయి. ఎడమ ఒడ్డు నుంచి నాలుగో రాయి దగ్గర అతని చూపు ఆగింది. రాయంతా ఆరిపోయింది, దాని నడుమ వెంట్రుకంత సన్నటి గీత ఒకటి మాత్రం తడిగా ఉంది. వేలితో తుడిచాడు. కాసేపటికి తడి మళ్లీ లోపలి నుంచి ఊరింది.

ఆ రాయి అతనికి గుర్తుంది. పొడుగు రాయి ఒకటి తక్కువపడితే స్వయంగా రావల్కోల్ గుట్టకు పోయి విడదీసి తెచ్చాడు. విడదీశాక సుత్తెతో తట్టి చూశాడు. మంచి రాయి ఖంగుమంటుంది. అది ఒక చివర మొద్దుగా పలికింది. బండి ఎదురుచూస్తోంది, పొద్దు వాలుతోంది. మళ్లీ తట్టాడు. ఈసారి బాగానే పలికిందని తనకు తాను చెప్పుకుని బండికెత్తించాడు.

వజ్రమ్మ తట్ట దించి దగ్గరికి వచ్చింది. "ఏంది, గట్ల నిలవడ్డవ్?"

సిద్దయ్య వేలు పెట్టి చూపించాడు. ఆమె కళ్లు చిట్లించి చూసింది. ఆమెకు రాయి గురించి ఎవరూ చెప్పక్కర్లేదు.

"గింత గీత," అంది చివరికి. "కమాను బిగిస్తే అదే మూసుకుంటది. ఎన్ని రాళ్లకు లేవు గిసొంటియి?"

"మూసుకుంటదో విచ్చుకుంటదో నాకు ఎరుకలేదు వజ్రమ్మా."

"చెప్తే ఏమైతది?"

"నడిమి రాయి కాడికెళ్లి ఇప్పుకుంట రావాలె. మిరుగు కార్తె రానే వచ్చింది. వాగొస్తే మొత్తం పోతది. ఇంజనీరు సాబ్ మళ్ల నా మొకం జూడడు."

వజ్రమ్మ ఒడ్డు వైపు చూసింది. జలాల్ చెట్టు నీడలో నమాజు చేసుకుంటున్నాడు. యాదగిరి దూరంగా బండివాళ్లతో గొడవపడుతున్నాడు. "ఇరవై రెండేండ్లు," అని మాత్రం అని, ఆమె తట్ట తీసుకుని పోయింది.

సిద్దయ్య చిటికెడు రాతి పొడి, కొంచెం సున్నం కలిపి ముద్ద చేశాడు. ఆ గీత పొడవునా నింపి, బొటనవేలితో సాపు చేసి, పైన పొడి దుమ్ము చల్లాడు. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

మరునాడు జలాల్ నిచ్చెన వేయించుకుని కమానును తడిమి చూశాడు. ఒక్కో రాయి మీద అరచెయ్యి ఆనించి, అతుకుల్లో గోరు పెట్టి, తల ఊపుకుంటూ దిగుతున్నాడు. సిద్దయ్య కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. నాలుగో రాయి దగ్గర ముసలాయన చెయ్యి ఆగింది.

"గిదేంది, రాయి నడుమ సున్నం తగుల్తాంది?"

"జర పెచ్చు లేచింది ఉస్తాద్. నింపిన."

"పెచ్చు లేస్తే చెప్పాలె గదా."

"చిన్నదే."

ఆ చెయ్యి ఇంకాసేపు అక్కడే ఉండి కదిలింది. "సాఫ్‌గుంది," అన్నాడు జలాల్, నిచ్చెన దిగి సిద్దయ్య భుజం మీద చెయ్యి వేసి. "రేపు నేను కింద నిలవడుత."

"కింద ఎందుకు ఉస్తాద్? నిలవడితే నేను నిలవడుత. నా కమాను."

"నీ కమానే. గందుకే నేను నిలవడాలె. నా మొదటి కమాను కింద మా ఉస్తాద్ నిలవడ్డడు. నేర్పినోడు నిలవడేది మా దిక్కు రివాజు."

"మీకు కండ్లు మంచిగ లేవు. రాయి జారితే..."

"ఏ రాయి జారుతది?" జలాల్ నవ్వాడు. "నువ్వు పరేషాన్ గాకు. మా ఉస్తాద్‌ను గూడ నేను గట్లనే బతిమాలిన."

ఆ మాట సిద్దయ్య భార్యకు చెప్పాడు. ఆమె జొన్నపిండి కలుపుతోంది. "ఆయన కింద నిలవడుతడా?" అని అడిగింది. అవునన్నాడు. ఆమె చేతులు పిండిలోనే ఆగిపోయాయి.

గురువారం పొద్దున్నే ఇంజనీరు గుర్రబ్బగ్గీలో వచ్చాడు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం వచ్చి రెండు ఒడ్ల మీదా కూర్చున్నారు. యాదగిరి కొత్త తలపాగా చుట్టుకున్నాడు. జలాల్ చెప్పులు విడిచి, బిస్మిల్లా అనుకుంటూ దుంగల నడుమ నుంచి వంగి పోయి, సరిగ్గా కమాను నడుమ ఒక రాయి మీద కూర్చున్నాడు.

"కొట్టుండ్రి," అన్నాడు లోపలి నుంచి.

మొదటి దెబ్బ కట్టినవాడే వేయాలి. ఎడమ దిక్కు సిద్దయ్య, కుడి దిక్కు లింగం అనే పాత పనివాడు చెక్క సుత్తెలు పట్టుకుని నిలబడ్డారు. సిద్దయ్య మొదటి చీలను కొట్టాడు. అది వేలెడంత వెనక్కి జరిగింది. లింగం అటువైపుది కొట్టాడు. పైన చెక్కలు చిన్నగా మూలిగాయి. సిద్దయ్య రెండో చీలకు సుత్తె ఎత్తాడు. అప్పుడే పైనుంచి ఎక్కడిదో చిటికెడు సున్నపు పొడి రాలి జలాల్ భుజం మీద పడింది. ముసలాయన తలెత్తి చూడలేదు. చీమను దులుపుకున్నట్టు దులుపుకున్నాడు.

సిద్దయ్య చెయ్యి కిందికి రాలేదు.

"కొట్టు," అన్నాడు జలాల్.

సిద్దయ్య ఒడ్డు మీదికి చూశాడు. అక్కడ వజ్రమ్మ నిలబడి ఉంది. ఆమె అతన్ని చూడడం లేదు. కమాను కింద కూర్చున్న ముసలాయన్ని చూస్తోంది.

"ఉస్తాద్, బైటికి రాండ్రి."

"ఏమైంది?"

"నాలుగో రాయిల పగులుంది."

"ఎప్పుడు జూసినవ్?" అన్నాడు జలాల్. ఆయన గొంతులో ఇంకా కోపం లేదు.

"మొన్న. వాన వడ్డంక."

"మొన్న జూసినవా?"

"పెచ్చు లేవలే ఉస్తాద్. పగులు మూసింది నేనే."

జలాల్ లేవలేదు. సిద్దయ్య చెయ్యి చాచాడు, ఆయన ఆ చేతిని చూడనట్టే ఉన్నాడు. "లింగం," అన్నాడు, "రెండు దిక్కుల చీలలు మళ్ల బిగియ్యి." లింగం ముందు కుడివైపుది, తర్వాత చుట్టూ తిరిగి వచ్చి ఎడమవైపుది బిగించాడు. ఆ బిగింపు పూర్తయ్యేదాకా జలాల్ ఆ పగిలిన రాయి ఉన్న కమాను కిందే కదలకుండా కూర్చున్నాడు. సిద్దయ్యకు ఆ కొద్దిసేపు ఇరవై రెండేళ్ల కన్నా పొడుగ్గా గడిచింది. తర్వాత ఆయన బయటికి వచ్చి, సిద్దయ్య చేతిలోంచి సుత్తె తీసుకుని లింగానికి ఇచ్చాడు. ఇంజనీరు వైపు తిరిగాడు.

"సాబ్, తప్పు నాది. చెయ్యి పెట్టి సాఫ్‌గుందన్న."

యాదగిరి వాగులోకి దూకినంత పని చేశాడు. "దొంగ కొడుకా! మిరుగు వచ్చె, వాగొచ్చె! ఇప్పుడు ఇప్పుతవా? గుత్తేదారు సాబ్‌కు నేనేం జెప్పాలె? గింత గీతకు కమాను కూల్తదా ఎక్కడన్న? సాబ్, వీడు భయపడ్డడు, అంతే. ఇంకొకని తోని కొట్టియ్యిండ్రి!"

ఇంజనీరు ఆ రాయి దగ్గరికి పోయి, జేబులోని చాకుతో సున్నం గీకి చూశాడు. ఎంతసేపు గీకినా గీత లోపలికి పోతూనే ఉంది. విప్పి మళ్లీ కట్టడానికి పది రోజుల గడువు ఇచ్చాడు. పేర్లు రాసుకున్న కాగితం తీసి, సిద్దయ్య పేరు మీద పెన్సిలుతో ఒక గీత కొట్టి, మడిచి జేబులో పెట్టుకుని బగ్గీ ఎక్కాడు.

జనం పోయాక జలాల్ చెట్టు కింద కూర్చుని అన్నాడు: "ఎవడు కట్టిండో వాడే ఇప్పాలె. వాడే మళ్ల కట్టాలె."

పనివాళ్లు ఎవరూ కదలలేదు. వజ్రమ్మ తట్ట తీసుకుని ముందుకు వచ్చింది.

నడిమి రాయి నుంచి మొదలుపెట్టి, రెండువైపులా బరువు సమానంగా ఉండేలా ఒక్కో రాయి విప్పుకుంటూ వచ్చారు. ప్రతి రాయికీ బొగ్గుతో గుర్తు పెట్టారు. మూడో రోజు నాలుగో రాయి బయటికి వచ్చింది. సిద్దయ్య దాన్ని ఇసుకలో పెట్టి సమ్మెటతో ఒక్క దెబ్బ వేశాడు. రెండు ముక్కలైంది. లోపలి ముఖం సగం దాకా తుప్పురంగు తేలి ఉంది. పగులు కొత్తది కాదు, ఎన్నో ఏళ్ల నుంచి నీళ్లు దిగిన పగులు.

జలాల్ వంగి ఆ ఎరుపును వేళ్లతో రాసి చూశాడు. "గుట్టల్నే పలిగింది గదా," అన్నాడు, కాస్త మెత్తబడినట్టు. "నీకెట్ల తెలుస్తది, పైకి కనవడకపాయె."

అక్కడ ఊరుకుంటే సరిపోయేది. సిద్దయ్య ఊరుకోలేకపోయాడు.

"గుట్ట కాడ తట్టిన ఉస్తాద్. పలిగిన కుండ లెక్క మోగింది. బండి ఆగి ఉండె. అయినా ఎత్తిచ్చిన."

జలాల్ లేచి నిలబడ్డాడు. కర్ర పొడుచుకుంటూ చెట్టు కిందికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆయన మాట్లాడేది లింగంతో. సిద్దయ్యకు చెప్పాల్సింది లింగం వచ్చి చెప్పేవాడు.

కొత్త రాయి కోసం సిద్దయ్య రావల్కోల్ గుట్టకు పోయాడు. మూడు రాళ్లు విడదీసి వద్దనుకున్నాడు, నాలుగోది తెచ్చాడు. చుట్టూ మబ్బులు కమ్ముతున్నాయి, పొద్దంతా గాలి. కమాను మళ్లీ పైకి లేచింది. పనివాళ్లు చెప్పింది చేస్తున్నారు, కానీ అతను పెట్టిన ప్రతి రాయినీ వెనక నుంచి ఎవరో ఒకరు తట్టి చూస్తున్నారు. అతను చూడనట్టే ఉండేవాడు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం నడిమి రాయి రెండోసారి దించాడు.

మరునాడు తెల్లవారేసరికి శామీర్‌పేట దిక్కున ఆకాశం నల్లగా దిగి ఉంది. ఇక్కడ చుక్క పడలేదు గాని పైన ఎక్కడో కుండపోతగా కురిసింది. రెండు ఘడియల పొద్దెక్కేసరికి వాగులో ఎర్రటి నీళ్లు పాము పాకినట్టు వచ్చాయి. చూస్తుండగానే మోకాలు దాటాయి. నీళ్లతో పాటు తుమ్మకొమ్మలు, ఈత మట్టలు, ఎక్కడిదో కూలిన గుడిసె కప్పు కొట్టుకొచ్చి కమాను కింది దుంగలకు చుట్టుకున్నాయి. దుంగలు కిర్రుమన్నాయి.

లింగం గొంతు చించుకుని చెప్పాడు, దుంగలు పోతే పోనీ, కమాను ఉంటుంది కదా అని.

"బేవకూఫ్!" అన్నాడు జలాల్. "నీళ్లు దుంగలను ఒక దిక్కు గుంజుతే మీది రాళ్లను గూడ ఒక దిక్కే గుంజుతయి. పచ్చి సున్నం, ఆగుతదా? గుంజకముందే మనమే దింపాలె. రెండు దిక్కుల ఒక్క తీరుగ. కిందికి దిగుండ్రి!"

ఎవరూ దిగలేదు. లింగం తల దించుకున్నాడు. "వాడు కట్టిన కమాను కిందికి మేం పోం మేస్త్రీ. పిల్లలు గలోళ్లం."

ఆ మాట సిద్దయ్య విన్నాడు. తలగుడ్డ నడుముకు బిగించి, సుత్తె తీసుకుని నీళ్లలోకి దిగాడు. ఎడమ దిక్కు అతను కొట్టగలడు. కుడి దిక్కు ఎవరు? వెనక నీళ్ల చప్పుడైంది. వజ్రమ్మ చీర గోచీ పెట్టి, లింగం చేతిలోని సుత్తె గుంజుకుని దిగుతోంది.

"నువ్వొద్దు!" అని అరిచాడు.

"నువ్వు కొట్టినంక నేను కొట్టాలె, గంతేనా?" అందామె. నీళ్లు ఆమె నడుము దాకా ఉన్నాయి. ఒక చేత్తో దుంగ పట్టుకుని కుడి దిక్కుకు పోయింది.

అప్పుడు జలాల్ చేసిన పని ఎవరూ అనుకోలేదు. కర్ర పారేసి, లింగం భుజం పట్టుకుని వంతెన మీదికి ఎక్కాడు. అక్కడ లింగాన్ని వదిలేసి, తడుముకుంటూ నడిచి సరిగ్గా నడిమి రాయి మీద నిలబడ్డాడు. చెప్పులు లేని అరికాళ్లను రాయికి ఆనించి కళ్లు మూసుకున్నాడు. రాయి గోరంత కదిలినా ఆ కాళ్లకు తెలుస్తుంది.

"ఎడమ ఒకటి," అన్నాడు.

సిద్దయ్య కొట్టాడు. చీల నీటికి ఉబ్బి బిగుసుకుంది, కదలలేదు. రెండోసారి, మూడోసారి కొడితే జరిగింది.

"కుడి ఒకటి."

వజ్రమ్మ కొట్టింది. ఒక ఈతమట్ట వచ్చి ఆమె వీపుకు తగిలింది. తూలి మళ్లీ నిలదొక్కుకుంది.

"ఎడమ రెండు... ఆగు. ఆగు. కుడి రెండు. జోర్‌గ!"

పైన రాళ్ల మధ్య నుంచి పిండిలాంటి సున్నం చుక్కలు చుక్కలుగా కారి సిద్దయ్య తల మీద పడుతోంది. మూడో జత దగ్గర చెక్కలు ఒక్కసారిగా కిందికి కుంగాయి. ఎక్కడో టప్పుమని పెద్ద చప్పుడైంది. ఒడ్డు మీద ఆడవాళ్లు కేకలు పెట్టారు. సిద్దయ్య భార్య వైపు చూశాడు. ఆమె సుత్తె ఎత్తి అలాగే ఆగింది. ఇద్దరి తలల పైనా రాయే.

పైనుంచి ఏ మాటా రాలేదు.

"ఉస్తాద్?" అన్నాడు సిద్దయ్య.

"కమాను కూసుంది," అన్నాడు జలాల్. "గోరంత కూసుంది. రెండు దిక్కుల కూసుంది. నాలుగోది కొట్టుండ్రి, కొట్టి బైటికి ఉరుకుండ్రి!"

చివరి జత ఇద్దరూ ఒక్కసారే కొట్టారు. సిద్దయ్య దుంగల నడుమ నుంచి పోయి వజ్రమ్మ రెక్క పట్టుకున్నాడు. వాళ్లు ఒడ్డు గోడ పట్టుకుని పైకి పాకుతుండగానే దుంగలు, చెక్కలు, గుడిసె కప్పు అన్నీ కలిసి పెళపెళా విరిగి వరదలో కొట్టుకుపోయాయి. కమాను కింద ఇప్పుడు ఎర్రటి నీళ్లు తప్ప ఏ ఆసరా లేదు. దాని మీద ముసలాయన నిలబడే ఉన్నాడు. వజ్రమ్మ ఒడ్డు మీద కూలబడి ఏడ్చింది. సిద్దయ్యకు ఏడుపు రాలేదు.

నీళ్లు తగ్గాక ఇంజనీరు వచ్చి కొలతలు తీసుకుని, కమాను బాగుందన్నాడు. సిద్దయ్య దూరంగా నిలబడి ఉంటే అతని వైపు ఒకసారి చూశాడు గాని పట్నం మాట ఎత్తలేదు. పట్నానికి వేరే మేస్త్రీ పోయాడని తర్వాత తెలిసింది. ఇంజనీరు వచ్చిన మరునాడే యాదగిరి సిద్దయ్యను పనిలోంచి తీసేశాడు. జలాల్ ఆపలేదు. సిద్దయ్య రావల్కోల్ గుట్టకు తిరిగి పోయి మళ్లీ రాయి పగలగొట్టడం మొదలుపెట్టాడు. వజ్రమ్మ ఒక్కనాడు కూడా దెప్పలేదు. కాకపోతే చాలా రోజులు నవ్వలేదు.

దసరా వెళ్లాక ఒక మధ్యాహ్నం గుట్ట కిందికి పరదా కట్టిన కచ్చురం బండి వచ్చి ఆగింది. అందులో కీసర దిక్కున పొలాలున్న షహజాది బేగం ఉంది. పరదా కాస్త పక్కకు జరిపి బండివాడితో అడిగించకుండా తనే అడిగింది.

"వాగు మీద కమాను ఇప్పి మళ్ల కట్టిన వడ్డెరాయన ఎవలు?"

సిద్దయ్య చేతులు తుడుచుకుంటూ ముందుకు వచ్చాడు. పనిలోంచి తీసేసిన సంగతి కూడా ముందే చెప్పేశాడు.

"ఎరుకే," అందామె. "నిరుడు మా మోటబావి ఒడ్డు కూలి ఇద్దరు జీతగాళ్లు పోయిండ్రు. కట్టినోనికి ముందే ఎరుకట, అడుగు రాయి సక్కగ లేదని. నోరు మూసుకున్నడు. నువ్వు గూడ మూసుకున్నవట, రెండు దినాలు. మూడో దినం తెరిసినవట. ఆ బావికి మళ్ల ఒడ్డు, మెట్లు, నీళ్లకు దిగే కాడ కమాను కావాలె. కడతవా మేస్త్రీ?"

ఆ పిలుపు విని సిద్దయ్య వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు, రాళ్ల కుప్ప దగ్గర వజ్రమ్మ తప్ప. ఆమె సుత్తె కింద పెట్టి నిలబడింది.

"మా ఉస్తాద్‌ను అడిగి చెప్త అమ్మా," అన్నాడు.

పోయి బావి చూసొచ్చి, మరునాడు మేడ్చల్ పోయాడు. జలాల్ భార్య అజ్మతున్నీసా చెంబుతో నీళ్లిచ్చి లోపలికి పొమ్మంది. ముసలాయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. అడుగుల చప్పుడు విని మనిషిని పోల్చుకున్నాడు గాని కూర్చోమనలేదు. సిద్దయ్య నిలబడే సంగతంతా చెప్పాడు.

"నన్నెందుకడుగుతున్నవ్?"

"మీరు వద్దంటే పోను."

"నా పేరు మీద పోకు," అన్నాడు జలాల్. "జలాల్ శాగిర్దునని ఎక్కడ చెప్పకు. పోతే నీ పేరు మీద పో. మంచిదైనా చెడ్డదైనా నీదే."

"సరే ఉస్తాద్."

"నేను మాఫ్ చేసిన అనుకోకు."

"అనుకోను."

సిద్దయ్య గుమ్మం దాకా పోయాడు. వెనక నుంచి ముసలాయన గొంతు సవరించుకున్నాడు.

"బావి ఎడల్పెంత?"

"పద్దెనిమిది మూరలు."

"లోతు?"

"నీళ్లున్నయి, ఇంక దిగలే. నలభై ఉంటదన్నరు."

"ఉంటదన్నరు! దిగి కొలవకుండ వచ్చినవా?" జలాల్ మంచం దిగి నేల మీద కూర్చున్నాడు. భార్యను అడిగి పొయ్యి దగ్గరి నుంచి బొగ్గు తెప్పించుకున్నాడు. "గిట్ల కూసో. మెట్లు ఏ దిక్కున వస్తున్నయ్, ముందు గది చెప్పు."

సిద్దయ్య ఎదురుగా కూర్చున్నాడు. ముసలాయన బొగ్గుతో నేల మీద గుండ్రంగా ఒక గీత గీయడం మొదలుపెట్టాడు. ఆ గీత ఒక పక్కకు పోతుంటే సిద్దయ్య ఆయన చెయ్యి పట్టుకుని సరిచేశాడు.